క్షవరపు కత్తి – సానరాయి: సమతలం, నునుపు (కాకినాడ ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం

క్షవరపు కత్తి పదును దానిని నూరిన సానరాయి తలంపై ఆధారపడుతుంది. వాడుకలో గుంటపడిన రాయిని తిరిగి సమతలం చేయడం, ఆ తలాన్ని తగినంత నునుపు చేయడం రెండు వేర్వేరు పనులు. ఈ రెంటి వెనుకగల సూత్రాలను వివరించి, గోదావరి డెల్టాలో ఈ వృత్తిజ్ఞానాన్ని నమోదు చేయవలసిన తీరును సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: సానరాయి, క్షవరపు కత్తి, సమతలం, కురువిందం, అడపం, వృత్తిపదాలు.

1. ప్రవేశిక

‘శాణ’ అనే సంస్కృత పదమే తెలుగులో ‘సాన’ అయింది. వజ్రానికి సాన పడతాం, కత్తికి సాన పడతాం, గంధపు చెక్కను అరగదీసే రాయినీ సాన అంటాం. అయితే సానరాయికే సాన పట్టవలసి ఉంటుందన్న విషయం వృత్తిలో ఉన్నవారికి తప్ప ఇతరులకు అంతగా స్ఫురించదు. తిరగలి మొద్దుబారితే దానికి కక్కు కొట్టి గరుకు చేస్తారు. క్షవరపు కత్తిని నూరే రాయి విషయంలో పని ఇందుకు విరుద్ధం. దానిని చదును చేసి, నునుపు చేయాలి.

ఈ జ్ఞానం ప్రాచీనమైనదే. సుశ్రుతసంహిత సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయం శస్త్రాలను నూరడానికి మినుముల రంగుగల నునుపైన రాయిని, అంచును నిలపడానికి బూరుగు పలకను విధించింది. ఛేదన శస్త్రాల అంచు వెంట్రుకలో సగమంత సన్నగా ఉండాలని, బాగా నూరిన శస్త్రం వెంట్రుకను తెంచగలగాలని చెప్పింది. నూరే రాయికి, అంచును నిలిపే పలకకు వేర్వేరు స్థానాలను కల్పించడం గమనార్హం. నేటి సానరాయి, తోలుపట్టీ చేసే పనులు ఇవే.

2. సమతలం ఎందుకు?

క్షవరపు కత్తిని నూరేటప్పుడు దాని వెన్ను, అంచు రెండూ ఒకేసారి రాతిని తాకాలి. అందువల్ల అంచు కోణాన్ని చేతి ఒడుపుకన్నా వెన్ను మందమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. వెన్ను 5 మిల్లీమీటర్లు, వెడల్పు 18 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి ఆ కోణం సుమారు 16 డిగ్రీలు. రాయి చదునుగా ఉన్నంతవరకే ఈ లెక్క నిలుస్తుంది.

నూరుడు ఎక్కువగా రాయి నడుమనే సాగుతుంది కనుక నడుమ అరిగి పల్లమవుతుంది. ఆ పల్లం 0.1 మిల్లీమీటరు అనుకుందాం. అది కంటికి దాదాపు ఆనదు. కాని ఆ లోతు ఒక దళసరి వెంట్రుక మందం. బాగా నూరిన అంచు మందమో ఒక మైక్రానుకన్నా తక్కువ. అటువంటి రాతిపై తిన్నని అంచు రాతి గట్లనే తాకుతుంది, నడుమ భాగం గాలిలో ఉండిపోతుంది. ఫలితంగా కత్తి ఒకచోట తెగుతుంది, మరొకచోట లాగుతుంది. నొప్పి గడ్డం చేయించుకునేవారిది, నింద కత్తి పట్టినవారిది, దోషం మాత్రం రాతిది.

3. చదును చేసే పద్ధతులు

మొదటిది పరీక్ష. ఉక్కు స్కేలు అంచును రాతిపై నిలిపి వెలుగుకు ఎదురుగా చూస్తే సందులోంచి కాంతి కనబడుతుంది. తలమంతా పెన్సిలుతో గళ్ళు గీసి, చదునైన పలకపై తడిగా రుద్దినా తెలుస్తుంది. మెరకలో గీతలు చెరిగిపోతాయి, పల్లంలో నిలిచిపోతాయి. గీతలన్నీ పోయేదాకా రుద్దడమే పని.

ఇందుకు మందపాటి అద్దపు పలకపై నీళ్ళు, సిలికాన్ కార్బైడ్ పొడి వేసి, రాయిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతారు. మధ్యమధ్య రాయిని అటుదిటు మార్చాలి. ఇంట సులభంగా దొరికే కడప బండ ఈ పనికి తగదు. అది సున్నపురాయి, దానిలోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3 మాత్రమే. విడి పొడి రాయికన్నా ముందు బండనే తినేస్తుంది. బండపై నీటి ఎమెరీ కాగితం పరచి రుద్దితే ఆ ఇబ్బంది ఉండదు.

ఆధారపలక లేకున్నా చదును సాధ్యమే. రెండు రాళ్ళను ఒకదానిపై ఒకటి రుద్దితే ఒకటి ఉబ్బెత్తుగా, మరొకటి పుటాకారంగా మారి రెండూ చక్కగా అతుక్కోవచ్చు, అది భ్రాంతి. మూడో రాయిని చేర్చి జంటలు మారుస్తూ రుద్దితే ఆ దోషం దాగదు. మూడూ పరస్పరం అతకాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు. జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో లోహఫలకాల సమతలం గురించి వివరించిన పద్ధతికి ఇదే మూలసూత్రం.

4. నునుపుకు హద్దు

220 సంఖ్య గల పొడిలో రేణువు సుమారు 60 మైక్రాన్లుంటుంది. దానితో చదునైన రాతిపై ఆ పరిమాణానికి తగిన గీతలే మిగులుతాయి. కాబట్టి రాయిని పూర్తిగా కడిగి, క్రమంగా సన్నని పొడులకు మారాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా తరువాతి శ్రమ వృథా. చివర రాయి అంచులను కొద్దిగా గుండ్రం చేస్తే కత్తి పెచ్చులూడదు.

అతినునుపు కూడా దోషమే. గట్టి రాళ్ళలో పాత రేణువులు రాలి కొత్తవి పైకి రావడం అరుదు. అందువల్ల తలం ఎంత నునుపైతే రాయి అంత నెమ్మదిగా కోస్తుంది. ఉక్కు నుసి పట్టి మెరిస్తే కోయడమే మానుతుంది. మెత్తని రాళ్ళలో రుద్దినప్పుడు ఊరే పసరే పని చేస్తుంది.

5. ప్రాంతీయ నేపథ్యం

కాకినాడ పరిసరాలది ఒండ్రునేల. సానకు పనికివచ్చే గట్టి రాయి మెరక ప్రాంతాల నుంచో, బయటినుంచో రావాలి. తుని, అన్నవరం కొండల ఖొండలైటు శిలలో గార్నెట్ ఉంది. ఉత్తర కోస్తా తీరపు ఇసుకలోనూ అది కనిపిస్తుంది. క్షవరపు కత్తులకు ప్రసిద్ధమైన బెల్జియం ‘కోటిక్యూల్’ రాయిలో కోసే ఖనిజమూ గార్నెట్టే. అయితే అక్కడ దాని రేణువులు 5 నుంచి 20 మైక్రాన్ల పరిమాణంలో మెత్తని శిలలో ఒదిగి ఉంటాయి. ఖొండలైటులో అవి ముతకవి. ఖనిజం ఒకటే అయినా రేణువు పరిమాణమే రాయి యోగ్యతను తేల్చింది.

పదచరిత్ర కూడా గమనింపదగినదే. సంస్కృత ‘కురువింద’తో సంబంధమున్న తమిళ ‘కురుందం’ ఇంగ్లీషులో ‘కొరండం’ అయింది. 1890ల ఆరంభంలో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ తయారుచేసిన సిలికాన్ కార్బైడుకు ‘కార్బొరండం’ అన్న పేరు దాని నుంచే వచ్చింది. 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ సంస్థ ఏర్పడింది. ఇక్కడి మాట అలా కొత్త రాయి పేరై తిరిగి వచ్చింది.

6. ముగింపు

1990ల తరువాత హెచ్.ఐ.వి. పట్ల జాగ్రత్తల ప్రచారం వల్ల ఒక్కసారి వాడి పారేసే బ్లేడు క్షౌరశాలల్లో స్థిరపడింది. ఆరోగ్యదృష్ట్యా అది మేలైన మార్పు. కాని నూరవలసిన కత్తి పోవడంతో రాయి పోయింది, రాయిని సరిచేసే చేతిపని పోతున్నది. కత్తి అడపంలో మిగిలితే జ్ఞాపకవస్తువుగా దాచుకుంటారు. గుంటపడిన రాయిని పారవేస్తారు. నిజానికి ఎన్నేళ్ళ పనికైనా సాక్ష్యం ఆ గుంటలోనే ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం వృత్తివారి నోటి నుంచే పదాలను సేకరించే దారి చూపింది. నాయీబ్రాహ్మణ పెద్దల వద్ద అదే శ్రద్ధతో పదాలను, పని క్రమాన్ని సేకరించాలి. రాయి పొడవు వెడల్పులు, నడుమ లోతు, రెండు ముఖాల గరుకుదనం, శిలాజాతి కొలిచి నమోదు చేయాలి. ఈ పనికి తెలుగు శాఖ, ఇంజనీరింగ్ ప్రయోగశాల కలిసి నడవాలి. కాకినాడలో రెండింటికీ చోటుంది. పదం మాత్రమే సేకరిస్తే పని తెలియదు. కొలత మాత్రమే తీస్తే మనిషి తెలియడు.