సి భాషలో లెక్క సున్నా నుంచి ఎందుకు?

మనం ఏది లెక్కపెట్టినా ఒకటి, రెండు, మూడు అంటాం కదా! మరి సి అనే ప్రోగ్రామింగ్ భాషలో ఐదు సబ్జెక్టుల మార్కులను ఒక అర్రేలో, అంటే ఒకే రకం విలువలు వరసగా ఉండే చోట, దాస్తే, మొదటిది మార్కులు[0] అవుతుంది, చివరిది మార్కులు[4]. ఎందుకిలా?

వంటింటి అరలో ఒకే సైజు డబ్బాలు ఐదు, సందు లేకుండా వరసగా ఉన్నాయనుకోండి. "మొదటి డబ్బా నుంచి మూడు దాటి తియ్యి" అని అమ్మ అంటే మీ చేతికి నాలుగోది వస్తుంది. మొదటిదే కావాలంటే? ఒక్కటీ దాటక్కర్లేదు. అంటే సున్నా! బ్రాకెట్లో రాసే అంకె చెప్పేది ఇదే: ఎన్నోది అని కాదు, ఎన్ని దాటాలి అని.

కంప్యూటర్ మెమరీలో ప్రతి బైటుకూ ఒక నంబరు, అంటే చిరునామా ఉంటుంది. సి భాషలో 'ఇంట్' అనే పూర్ణసంఖ్యకు ఇప్పటి కంప్యూటర్లలో మామూలుగా 4 బైట్లు పడతాయి. మన అర్రే 1000 దగ్గర మొదలైతే మార్కులు[3] ఎక్కడుంటుంది? 1000 + 3 × 4 = 1012. ఒక గుణకారం, ఒక కూడిక, అంతే! అర్రేలో లక్ష అంకెలున్నా వెతుకులాట ఉండదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అర్రేలో అన్నీ ఒకే రకంగా ఉండాలన్న నియమం కూడా అందుకే; సైజులు మారితే ఈ లెక్క కుదరదు.

1970ల మొదట్లో పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి భాషను రూపొందించారు. అంతకుముందే ఉన్న మరో ప్రోగ్రామింగ్ భాష ఫోర్‌ట్రాన్‌లో మాత్రం అర్రేల లెక్క మామూలుగా 1 నుంచే.

ఒక్క జాగ్రత్త. ఐదే ఉన్నచోట మార్కులు[5] అని అడిగితే సి మిమ్మల్ని ఆపదు. చాలాసార్లు 1020 దగ్గర ఏ చెత్త ఉంటే దాన్నే తెచ్చి చూపిస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రామే ఆగిపోతుంది.