ఎనభై ఆరేళ్ల తరువాత అదే చోట

2007లో టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు చెంతకు చేరిన అమెరికన్ ఛాయాచిత్రకారుడు డేవిడ్ బ్రషీర్స్ చేతిలో ఒక పాత చిత్రం ఉంది. 1921లో బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ తీసిన రోంగ్‌బుక్ హిమానీనదపు చిత్రమది. అందులో తెరచాపల వంటి మంచు స్తంభాలు బారులు తీరి, మెలికలు తిరుగుతూ పర్వతం దాకా సాగిపోతాయి. తలయెత్తి చూస్తే ఆ స్తంభాలు నిలిచిన చోట రాళ్లూ, మట్టీ! ఎవరెస్టు మాత్రం అలాగే ఉంది.

బ్రషీర్స్‌కు ఆ పర్వతం కొత్త కాదు. 1983లోనూ, 1985లోనూ దాని శిఖరమెక్కినవాడు. 1996లో బరువైన ఐమాక్స్ కెమెరాను పైకి చేర్పించి చిత్రీకరించినవాడు. అయితే పాత చిత్రాన్ని మళ్లీ తీయడం మరొక రకపు విద్య. దగ్గరి బండ అంచూ, దూరపు శిఖరమూ పాత చిత్రంలో ఎక్కడ కలుస్తాయో, కంటి ముందు కూడా అక్కడే కలవాలి. నాలుగడుగులు పక్కకు జరిగితే బండ జరుగుతుంది, శిఖరం జరగదు. రెండూ సరిపడేదాకా కొండవాలున వెతుక్కోవలసిందే. ఋతువూ కుదరాలి, కొత్త మంచు పలుచగా కప్పినా చూచేవాడు మోసపోతాడు. మూలాన్ని అంటిపెట్టుకొని ఉండే ఈ శ్రమ మా అనువాదకులకు పరిచితమే. కాని ఇక్కడ మూలమే కరిగిపోతున్నది.

మాలరీ ఏమంత నేర్పరి అయిన ఛాయాగ్రాహకుడు కాడు. ఆ యాత్రలోనే కొన్ని గాజు పలకలను కెమెరాలో ముందువెనుకలు తారుమారుగా అమర్చి, చిత్రాలు పాడుచేసుకొని, మళ్లీ తీయడానికి వెళ్లవలసి వచ్చింది. అయినా ఆయన తీసిన చిత్రమే నేడు సాక్ష్యమైంది. ఆ రెండు చిత్రాల నడుమ హిమానీనదం సుమారు 320 అడుగులు కుంగిందని బ్రషీర్స్ లెక్కగట్టాడు. సర్వే ఆఫ్ ఇండియా అధికారి ఎడ్వర్డ్ వీలర్ 1921లో తీసినవీ, ఇటలీ దేశీయుడు విటోరియో సెల్లా 1899లో కాంచనగంగ చుట్టూ తిరిగి తీసినవీ వెదికి తెచ్చి, ఆ చోట్లకూ వెళ్లాడు.

రెండు చిత్రాలు రెండు దినాలకే సాక్ష్యం. నడుమ ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అవి చెప్పలేవు. కారకోరం శ్రేణిలో ఈ శతాబ్దారంభాన పెక్కు హిమానీనదాలు దాదాపు నిలకడగానే ఉన్నాయి కూడా. కాని అమెరికా గూఢచారి ఉపగ్రహాల పాత చిత్రాలను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం సందేహం మిగల్చలేదు: 2000 తరువాత హిమాలయాలలో మంచు నష్టం అంతకు ముందు పాతికేళ్ల కంటె సుమారు రెండింతలు, ప్రధాన కారణం పెరిగిన ఉష్ణోగ్రత.

రోంగ్‌బుక్‌లో కరిగిన నీరు అరుణ్ నదిలో చేరి, నేపాలులో కోసీలో కలిసి, బీహారు మీదుగా గంగకు వస్తుంది. బ్రషీర్స్ 2024 మార్చిలో, 68 ఏళ్ల వయసున మరణించాడు. ఆ చోటు ఆనవాళ్లు ఆయన చిత్రంలో ఉన్నాయి. మూడవ చిత్రం తీయదలచినవారికి అవి చాలు.