బేస్ వినబడటం లేదా? కొత్త యాంప్ కొనే ముందు ఒక్కసారి ఆగండి!

ఉగాదికో, దీపావళికో ఇక్కడి తెలుగు సంఘాల వేదికల మీద పిల్లల బ్యాండ్‌లు కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. స్కూల్ జాజ్ బ్యాండ్ పుణ్యమా అని మా డాలస్ పరిసరాల్లో బేస్ గిటార్ పట్టిన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన తల్లిదండ్రులకు అది ముచ్చటగానే ఉంటుంది. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్ని మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. పాటను వెనక నుంచి నడిపిస్తున్నది బేస్ గిటారే అని ఇట్టే తెలుస్తుంది. రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన బేస్ కూడా అంతే.

తీరా మన పిల్లలు వేదిక ఎక్కాక ఏం జరుగుతుంది? డ్రమ్స్ వినిపిస్తాయి, కీబోర్డ్ వినిపిస్తుంది. బేస్ మాత్రం పక్కింట్లో ఎవరో తలుపు తడుతున్నట్టు 'డుబ్ డుబ్'మంటుంది. 'ఈ యాంప్ చాలదు, పెద్దది కొనాలి' అని ఇంట్లో నిర్ణయం అయిపోతుంది. అది వెయ్యి డాలర్ల మాట. పగలు కోడ్ రాసుకుంటూ, వారాంతాల్లో బేస్ వాయించుకుంటూ ఇరవై ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను. చాలా ఇళ్లలో ఆ ఖర్చు అక్కర్లేదు. ఉన్న యాంప్‌లో ఏ భాగం చాలడం లేదో తెలుసుకుంటే, ఆ ఒక్కటీ బయటి నుంచి చేర్చుకోవచ్చు.

ఒక పెట్టెలో మూడు పనులు

మనం 'యాంప్' అని పిలిచే పెట్టెలో నిజానికి ముగ్గురు పనివాళ్లున్నారు. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను అందుకుని, బేస్, మిడ్, ట్రెబుల్ సరిచేసి రుచి తెచ్చేది ప్రీయాంప్. పప్పుకు తాలింపు ఎలాంటిదో శబ్దానికి ఇది అలాంటిది. ఆ సిగ్నల్‌కు స్పీకర్‌ను కదిలించేంత బలం ఇచ్చేది పవర్ యాంప్. చివరికి గాలిని నెట్టి శబ్దం పుట్టించేది స్పీకర్. మూడూ ఒకే పెట్టెలో ఉంటే కాంబో అంటారు. యాంప్ వేరుగా, స్పీకర్ డబ్బా వేరుగా ఉంటే యాంప్‌ను హెడ్ అనీ, డబ్బాను క్యాబినెట్ అనీ అంటారు.

ఇలా విడదీయడం కొత్తేమీ కాదు. లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చింది 1951లో. 1969లో యాంపెగ్ ఎస్‌వీటీ వచ్చేసరికి 300 వాట్ల హెడ్, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లున్న డబ్బా విడివిడిగా వేదిక ఎక్కాయి.

అంత బలం ఎందుకంటే, నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగల బేస్‌లో అయితే దాదాపు 31 సార్లే. స్వరం కిందికి దిగేకొద్దీ మన చెవికి ఆనడం తగ్గుతుంది, అదే మోతాదులో వినిపించాలంటే స్పీకర్ చాలా ఎక్కువ గాలిని నెట్టాలి. పడకగదిలో సాధనకు కొన్న చిన్న కాంబో ఆ పని చేయలేక చతికిలపడుతుంది.

ప్రీయాంప్ కలపడానికి మూడు దారులు

బయటి ప్రీయాంప్ అంటే చాలావరకు అరచేతిలో పట్టే పెడల్. దీన్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు.

మొదటిది, గిటార్‌కూ యాంప్ ముందున్న ఇన్‌పుట్‌కూ మధ్య పెట్టడం. సులువే గానీ, ఇక్కడ రెండు ప్రీయాంప్‌లు వరసగా పనిచేస్తాయి. ఒకే పప్పుకు రెండుసార్లు తాలింపు పెట్టినట్టు. అందుకే యాంప్ మీద టోన్ మీటల్ని మధ్యలో ఉంచి, రుచి మార్చే పని పెడల్‌కే వదిలేయాలి.

రెండోది, యాంప్ వెనక 'ఎఫెక్ట్స్ రిటర్న్' అన్న రంధ్రం ఉంటే ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను అక్కడ పెట్టడం. చాలా యాంప్‌లలో అప్పుడు లోపలి ప్రీయాంప్ పక్కకు తప్పుకుంటుంది, పవర్ యాంప్, స్పీకర్ మాత్రమే పనిచేస్తాయి. ముందు భాగం పాడైన పాత యాంప్‌కు ఇది మంచి ఉపాయం. ఒక్క జాగ్రత్త. కొన్ని యాంప్‌లలో మాస్టర్ వాల్యూమ్ ఈ దారిలో పనిచేయదు. కాబట్టి ప్రీయాంప్ వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచండి.

మూడోది, ప్రీయాంప్‌కు డీఐ అవుట్‌పుట్ ఉంటే హాల్ మిక్సర్‌కు నేరుగా లైన్ ఇవ్వడం. అప్పుడు శ్రోతలకు వినిపించే బాధ్యత హాల్ స్పీకర్లది. మన చిన్న యాంప్ వాయించేవాళ్ల చెవికి వినిపిస్తే చాలు.

మొన్నటి ఉగాదికి మేం నమ్ముకున్నది ఈ మూడో దారినే. అంతకు ముందు ఏడాది పిల్లల బ్యాండ్‌లో బేస్ 'గోల'గా ఉందని కమిటీకి ఫిర్యాదులు వెళ్లాయి. ఈసారి రిహార్సల్ వింటామనీ, బాగోకపోతే ట్రాక్ మీద పాడించేస్తామనీ ముందే చెప్పేశారు. పదో తరగతి కుర్రాడి దగ్గర ఐదు తీగల బేస్, 40 వాట్ల కాంబో ఉన్నాయి. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, "అన్నా, డబ్బు సంగతి ఎలాగో చూసుకుంటా. అంత పెట్టి కొన్నాక కూడా వినబడకపోతే వాడి మొహం చూడలేను" అన్నాడు.

కొనొద్దన్నాను. వాడేసిన ప్రీయాంప్ పెడల్ ఒకటి సంపాదించాం. దాని డీఐ లైన్ మిక్సర్‌కు వెళ్లింది, రెండో అవుట్‌పుట్ కాంబోకు. పెడల్ మీద లోతైన బేస్‌ను పెంచలేదు, తగ్గించాం. మిడ్ కొంచెం పెంచాం. "అంకుల్, బేస్ తగ్గిస్తే ఇంకా వినబడదు కదా?" అన్నాడు కుర్రాడు. బోలు వేదిక మీద లోతైన శబ్దం మోగి మోగి ముద్దైపోతుంది. ఏ స్వరం వాయిస్తున్నామో చెవికి చెప్పేది మిడ్. రిహార్సల్‌లో చివరి వరసలో కూర్చున్న కమిటీ పెద్దాయన, "ఇప్పుడు పాటకు కాళ్లొచ్చాయి" అన్నారు. పిల్లలకు రెండు పాటలూ దక్కాయి.

రెండో డబ్బా పెడుతున్నారా? ఓమ్స్ లెక్క చూడండి

హాల్ సౌండ్ లేని చోట, పార్కులోనో ఇంటి వెనక పెరట్లోనో వాయించాలంటే డీఐ ఉపయోగపడదు. అక్కడ అదనపు క్యాబినెట్ కావాలి. యాంప్ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, అంటే కాస్త తేడా మాత్రమే తెలుస్తుంది. అలాంటిదే రెండో క్యాబినెట్ చేరిస్తే గాలిని నెట్టే వైశాల్యం రెట్టింపవుతుంది. పైగా మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ అయితే ఎక్కువ పవర్ కూడా బయటికిస్తుంది.

అయితే అసలు ప్రమాదమూ ఇక్కడే ఉంది. ప్రతి క్యాబినెట్ వెనక 8 ఓమ్స్ అనో 4 ఓమ్స్ అనో రాసి ఉంటుంది. అది కరెంట్‌కు ఎదురయ్యే నిరోధం. మేడ మీద నీళ్ల ట్యాంకుకు రెండో కుళాయి విప్పితే నీళ్లు ఎక్కువ పోయినట్టు, రెండో డబ్బా కలిపితే మొత్తం నిరోధం తగ్గి, యాంప్ నుంచి ఎక్కువ కరెంట్ లాగుతుంది. 8 ఓమ్స్ డబ్బాలు రెండు కలిస్తే 4. మూడు కలిస్తే దాదాపు 2.67. 4 ఓమ్స్‌వి రెండు కలిస్తే 2. ఒక 8, ఒక 4 కలిస్తే మళ్లీ 2.67.

యాంప్ వెనక 'కనీసం 4 ఓమ్స్' అని ఉంటే అంతకంటే తగ్గకూడదు. వేరే ఊళ్లో ఒక కార్యక్రమంలో అలాంటి యాంప్‌కు 8 ఓమ్స్ డబ్బాలు రెండు ఉండగా, ఇంకా మోత కావాలని మూడోది తగిలించారు. రెండో పాట మధ్యలో యాంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. అందులో ఆ ఏర్పాటు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే కాలిపోయేదే.

కాంబోల్లో ఇంకో మెలిక ఉంది. లోపలి స్పీకరే 4 ఓమ్స్ అయి, యాంప్ కనీసమూ 4 అయితే బయటి డబ్బాకు చోటు లేనట్టే. చాలా చిన్న కాంబోలకు అసలు స్పీకర్ అవుట్‌పుటే ఉండదు. వాల్వ్ యాంప్‌ల పద్ధతి వేరు. వాటి మీద ఉన్న ఓమ్స్ మీటను డబ్బాకు సరిపడేలా తిప్పాలి. స్పీకర్ తగిలించకుండా వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వాయించకూడదు.

కేబుళ్ల దగ్గర కూడా జాగ్రత్త. గిటార్ కేబుల్, స్పీకర్ కేబుల్ పైకి కవల పిల్లల్లా ఉంటాయి. గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నం. దాన్ని యాంప్‌కూ డబ్బాకూ మధ్య వాడితే వేడెక్కుతుంది, యాంప్‌కూ ముప్పే. తిప్పితే బిగుసుకునే స్పీకాన్ కేబుల్ ఉంటే ఈ తికమకే రాదు. యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ను మిక్సర్‌లోగానీ, ప్రీయాంప్‌లోగానీ పొరపాటున కూడా పెట్టకండి.

చెవులు, ఇండియా ప్రయాణం, చివరిగా ఒక సూచన

బేస్ పెరిగిందంటే డ్రమ్స్ పెరుగుతాయి, తర్వాత అందరూ పెంచుతారు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటల వరకు ఉండవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిమితి పెట్టింది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 94 డెసిబెల్స్ దగ్గర అది గంటే. రిహార్సల్ గదిలో పిల్లల చెవులకు ఇయర్ ప్లగ్స్ పెట్టించండి.

సెలవులకు హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడి స్నేహితులతో వాయించాలనుకుంటే యాంప్ మోసుకెళ్లొద్దు. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. ప్రీయాంప్ పెడల్ అయితే చేతిసంచిలో పడుతుంది. దాని అడాప్టర్ మీద '100-240' అని ఉందో లేదో చూసుకుంటే చాలు. యాంప్, డబ్బా అక్కడ అద్దెకు తీసుకోవచ్చు. మన సౌండ్ మన వెంటే ఉంటుంది.

సంఘాల పెద్దలకు ఒక సూచన. ప్రతి ఇంటివాళ్లూ తలా ఒక పెద్ద యాంప్ కొని గరాజ్‌లో దుమ్ము పట్టించే బదులు, సంఘమే మంచి హెడ్ ఒకటి, 8 ఓమ్స్ డబ్బాలు రెండు కొని ఉంచితే బాగుంటుంది. హెడ్‌కు ఎఫెక్ట్స్ రిటర్న్ ఉండాలి, డబ్బాలు స్పీకాన్ కేబుళ్లతో సహా ఉండాలి. పిల్లలు గిటార్, ప్రీయాంప్ తెచ్చుకుంటారు. ఎవరి తాలింపు వాళ్లది, పొయ్యి అందరిదీ. యాంప్ మీద 'కనీసం 4 ఓమ్స్, రెండు డబ్బాలు మాత్రమే' అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంచండి. ట్రాక్ పెట్టి పాడించడం తేలికే. కానీ వెనక వరసలో నిలబడి పాటంతా మోసే పిల్లాడు ట్రాక్‌లో ఉండడు.