పలక కంటే ముందు చెవి

చదువు పలకతోనే మొదలవుతుందన్న నమ్మకం తెలుగునాట ఎంత బలమైనదంటే, బాసర సరస్వతీ ఆలయానికి ఏటా ఎన్నో కుటుంబాలు పిల్లలను తీసుకెళ్లి బియ్యంలో తొలి అక్షరం దిద్దించి వస్తాయి. ఆ వేడుక విలువ ఆ వేడుకది. అయితే వేలు అక్షరం దిద్దడానికి చాలా ముందే చెవి తన పని మొదలుపెడుతుంది. మాటలోని ధ్వనులను అర్థంతో నిమిత్తం లేకుండా గుర్తించి, విడదీసి, తిరిగి కలపగలిగే నేర్పును ధ్వని స్పృహ అంటారు. చదవడం కుదురుకునేది దాని మీదే.

ఈ నేర్పును తెలుగు పిల్లలు తరతరాలుగా బడి బయటే సాధిస్తున్నారు. పెద్దలకు అర్థం కాకూడదని వాళ్లు మాట్లాడుకునే ‘క భాష’లో ప్రతి అక్షరానికీ ముందు ఒక ‘క’ చేరుతుంది కనుక, ‘చెరువు’ కాస్తా ‘కచెకరుకవు’ అవుతుంది. దీన్ని ధారాళంగా మాట్లాడే పిల్ల మాటను అక్షరాలుగా విడగొట్టి, ప్రతిదాని ముందూ కొత్త ధ్వనిని చేర్చి, వరుస తప్పకుండా పలుకుతున్నదన్నమాట. అంత్యాక్షరిలో మాట చివరి అక్షరాన్ని పట్టుకోవడమూ ఈ సాధనే. ఇంత చక్కని పరికరాన్ని అల్లరిగా కొట్టిపారేయడం బడులు చేసే పెద్ద పొరపాటు.

తెలుగు లిపిలో అక్షరమంటే చాలావరకు హల్లూ అచ్చూ కలిసిన ఒక పలుకు. ముప్పైకి పైగా ఉన్న హల్లులకు తలా డజను గుణింతాలు వేసుకున్నా రూపాలు 350 దాటుతాయి, ఒత్తులు ఇంకా వేరే. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకునే తీరుపై సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడడానికి తొలి తరగతులు చాలవు. అక్షరం లోపలి విడి ధ్వనుల స్పృహ కూడా మెల్లగానే వస్తుంది. తెలుగు పిల్లలు తమ లిపిలో ధ్వనులను ఎలా గ్రహిస్తారన్న విషయంపై దుగ్గిరాల వసంత పరిశోధన 2004లో వెలువడింది. ఇంగ్లిషు కోసం తయారైన ఫోనిక్స్ పద్ధతి విడి ధ్వనితో మొదలవుతుంది, ఆ లిపికి అది తగినదే. దాన్నే యథాతథంగా తెలుగుకు అతికిస్తే మాత్రం పిల్లలకు తెలిసిన మెట్టును వదిలి తెలియని మెట్టు ఎక్కించినట్టవుతుంది. తెలుగులో ముందు అక్షరాలతో ఆడించి, ఆ తర్వాత ‘కల, కాల, కీల, కోల’ అంటూ అచ్చును మాత్రమే మారుస్తూ పోతే, గుణింతం బట్టీ పాఠం కాకుండా అక్షరం లోపలికి తెరిచిన వాకిలి అవుతుంది.

ఉచ్చారణకూ ఇలాగే ఆట ఉంది, దాని క్రమాన్ని మన వర్ణమాలే చూపుతుంది. ‘క’ వర్గం నుంచి ‘ప’ వర్గం వరకు హల్లులు గొంతు దగ్గర బయలుదేరి అంగిలి, దంతాల మీదుగా పెదవుల దాకా నడుస్తాయి కాబట్టి, అద్దం ముందు కూర్చోబెడితే ‘ప, బ, మ’లకు పెదవులు కలవడాన్ని పిల్లలే కనిపెడతారు. గొంతు మీద వేళ్లు ఆనించి ‘స్స్’, ‘జ్జ్’ అని సాగదీస్తే రెండోదానికి అదురు తెలుస్తుంది; పరుషాలైన క, చ, ట, త, ప లకూ, సరళాలైన గ, జ, డ, ద, బ లకూ ఉన్న తేడా ఈ అదురులోనే ఉంది. ‘చాప’లోని చకారం దంతాల దగ్గర, ‘చిలుక’లోనిది అంగిలి దగ్గర పుడుతుంది, రాత మాత్రం ఒకటే. ఈ సంగతి ఎరిగిన ఉపాధ్యాయురాలు పిల్లల పలుకును అనవసరంగా దిద్దదు.

ఈ ఆటలకు చోటు ఇప్పటికే ఉంది. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం 3 నుంచి 6 ఏళ్ల పిల్లల పూర్వ ప్రాథమిక విద్యను అంగన్‌వాడీలకు అప్పగించింది. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాదికై తెలంగాణ ప్రభుత్వం 2022లో ‘తొలిమెట్టు’ను తెచ్చింది. ఈ రెండు చోట్లా ధ్వని ఆటకు రోజూ కొంత సమయం కేటాయించాలి, అందుకు ఖర్చేమీ లేదు. అయితే ఆటలతోనే అన్నీ సరికావు. ‘ర’ను ‘ల’గా పలికే మూడేళ్ల పిల్లవాడికి వయసే మందు కావచ్చు గాని, నాలుగు నిండినా బయటివారికి మాట అర్థం కాకపోతే, పిలుపుకు సరిగా పలకకపోతే, మొద్దు అని ముద్ర వేయక ముందు వినికిడి పరీక్ష చేయించాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో వాక్కు, వినికిడి సమస్యల కోసం అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

నగరాల అంచున పరిశ్రమల మధ్య ఉన్న ఊళ్లలో తరగతి గది ఒకే భాషది కాదు; తెలుగు ఇళ్లతో పాటు లంబాడీ, ఉర్దూ, హిందీ, ఒడియా ఇళ్ల పిల్లలూ అక్కడే కూర్చుంటారు. తెలుగు ఇంటి పిల్లకు ‘కల’, ‘కళ’ల తేడా తేలికగా వినబడుతుంది, హిందీ ఇంటి పిల్లవాడికి ‘క’, ‘ఖ’ల తేడా ఇంటి భాషతోనే వస్తుంది. వినికిడి ఆటలో మొదటి జంటకు ఆ అమ్మాయిని, రెండో జంటకు ఆ అబ్బాయిని పలికేవారిగా నిలబెడితే, తక్కినవాళ్లు విని చేయెత్తుతారు, మరుసటి రోజు పలికే వంతు వాళ్లది.