తాతయ్యలకూ ఓ వేషం కావాలి!

రాజమండ్రిలో గోకవరం బస్సెక్కి ఇరవై కిలోమీటర్లు వెళితే కోరుకొండ వస్తుంది. బస్సు దిగకముందే కొండ కనిపిస్తుంది. పైన లక్ష్మీనరసింహస్వామి. ఆరువందల పైచిలుకు మెట్లు! ఫాల్గుణమాసంలో స్వామి కల్యాణానికి వచ్చే జనంలో కుర్రకారు ఆ మెట్లు పరుగున ఎక్కేస్తారు. పెద్దవాళ్ళు మధ్యమధ్యలో ఆగి, కూర్చుని, నడుం పట్టుకుని "నరసింహా!" అనుకుంటూ ఎక్కుతారు.

ఈమధ్య నేను కోరుకొండ వెళ్ళింది కల్యాణానికి కాదు, షూటింగు చూడ్డానికీ కాదు. మా మావయ్య రిటైరయ్యాక ఎలా ఉన్నాడో చూడ్డానికి!

"సినిమా పత్రికలో రిటైర్మెంటు గోలేమిటి మహానుభావా!" అని మీరు పేజీ తిప్పేయబోతున్నారు కదూ? ఒక్క నిమిషం. కోరుకొండ పేరు చెప్పగానే సినిమావాళ్ళకి గుర్తు రావలసిన మనిషి ఒకరున్నారు. ఆయన పెద్దవాళ్ళ కోసం చేసిన పని చెప్పాకే మావయ్య దగ్గరికి వెళదాం.

తెర మీద మనవడు

ఆ మనిషి రాజబాబు! అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. రాజమండ్రి మనిషి. సినిమాల్లోకి రాకముందు తెలుగు మాస్టారు. మద్రాసులో వేషాల కోసం తిరిగిన రోజుల్లో పిల్లలకు ప్రైవేట్లు చెప్పి పూట గడుపుకున్నారు. తర్వాత ఆయన తెర మీద కనిపిస్తే చాలు, నేల నుంచి బాల్కనీ దాకా ఒకటే నవ్వు. రమాప్రభతో ఆయన జంట అంటే పోస్టరు మీద హీరో బొమ్మతో సమానం.

డబ్బు వచ్చినప్పుడు ఆ డబ్బుతో ఏం చేశారో తెలుసా? కోరుకొండలో జూనియర్ కాలేజీ కట్టించారు. దానికి రాజబాబు జూనియర్ కళాశాల అనే పేరు వచ్చింది. ఇంకో పని కూడా చేశారు. ఏటా అక్టోబరు 20న, తన పుట్టినరోజున, తనకంటే ముందుతరం నటీనటుల్ని పిలిచి సన్మానం చేసేవారు. డాక్టర్ శివరామకృష్ణయ్య గారు, రేలంగి గారు, సూర్యకాంతం గారు, సావిత్రి గారు... అలా సత్కారం అందుకున్నవాళ్ళు ఎందరో. తన పుట్టినరోజున మెడలో దండ తను వేయించుకోకుండా పెద్దవాళ్ళ మెడలో వేసిన మనిషి ఆయన!

దాసరి నారాయణరావు గారు దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'తాత మనవడు'. ముసలి తండ్రిని పట్టించుకోని కొడుకు, తాత పక్షాన నిలబడ్డ మనవడు... కథ అది. తాత ఎస్.వి.రంగారావు గారు, మనవడు రాజబాబు. హాస్యనటుడు జనాన్ని ఏడిపించాడని అందరూ ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు ఒక సంగతి చూడండి. ఆ తాత రంగారావు గారు 1974లో పోయారు. వయసు 56 ఏళ్ళు. ఆ మనవడు రాజబాబు 1983 ఫిబ్రవరి 14న పోయారు. ఆయనకి అప్పటికి యాభై కూడా నిండలేదు! సినిమాలో తాతకీ మనవడికీ ఇద్దరికీ అరవై చూసే యోగం లేకపోయింది. రిటైరవడం కూడా అందరికీ దొరికే అదృష్టం కాదన్నమాట.

ఇరవై రోజుల నోటీసు

రాజబాబు పోయిన ఆ 1983 ఫిబ్రవరి మా ఇంట్లో ఇంకో కారణానికి గుర్తు.

జనవరి 9న ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గిస్తూ నిర్ణయం జరిగింది. 55 దాటినవాళ్ళంతా 28వ తేదీ సాయంత్రానికల్లా ఇంటికి వెళ్ళాలి. అంటే గట్టిగా ఇరవై రోజులు! కుర్రాళ్ళకి ఉద్యోగాలు దొరుకుతాయన్నది సర్కారు వాదన. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఒక్కసారిగా రిటైరయ్యారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1984 ఆగస్టులో వయసు మళ్ళీ 58 అయింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది.

మా అమ్మ తండ్రి, అంటే మా తాతయ్య, అప్పుడు రాజమండ్రిలో ఒక ఆఫీసులో గుమాస్తా. వయసు 57. ఇంకో ఏడాది సర్వీసు ఉందన్న ధైర్యంతో ఆ వేసవికి అమ్మ పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నారు. జీతం ఆగింది, ముహూర్తం ఆగదు కదా! ఎకరం పొలం అమ్మి పెళ్ళి చేశారు. వయసు మళ్ళీ 58 చేసేనాటికి తాతయ్యకి 58 దాటిపోయాయి.

అయితే తాతయ్య ఎవర్నీ ఒక్క మాట అనలేదట. ఆయన రామారావు గారి వీరాభిమాని! 1972లో 'బడిపంతులు' చూసి ఇంటికొచ్చి అన్నం తినలేదట. అందులో రామారావు గారు రిటైరైన పంతులు. పెద్దతనంలో భార్యాభర్తల్ని కొడుకులు చెరొకరు పంచుకుంటారు. ఆ కథ తాతయ్య మనసులో పడిపోయింది.

మావయ్య ఒక సంగతి చెప్పాడు.

"మార్చి ఒకటో తారీకు పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయార్రా అల్లుడూ. రాజమండ్రి బస్సు వచ్చింది. ఎక్కలేదు. అది వెళ్ళేదాకా చూసి ఇంటికొచ్చి, క్యారేజీ విప్పి, అరుగు మీద కూర్చుని తిన్నారు. నెల్లాళ్ళు అదే వరస. నేను డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. నాన్న కుర్చీ ఖాళీ అయింది గానీ నాకు కుర్చీ రాలేదు. ఇద్దరం మొహాలు చూసుకునేవాళ్ళం."

ఈ కథ ఎలా మలుపు తిరిగిందో తెలుసా? సినిమా హాలు వల్ల! మా ఊరి హాల్లో లెక్కలు రాసే మనిషి మానేస్తే, తాతయ్య వెళ్ళి కూర్చున్నారు. నేల ఎంత, బెంచీ ఎంత, కుర్చీ ఎంత, ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయి... రోజువారీ కలెక్షను లెక్క, సినిమా భాషలో డి.సి.ఆర్. రాయాలి. జీతం నామమాత్రం. కానీ ఇస్త్రీ చొక్కాకి మళ్ళీ పని దొరికింది! "గుమాస్తా గారూ" అని పిలిచేవాళ్ళు దొరికారు.

1993లో 'మేజర్ చంద్రకాంత్' వచ్చినప్పుడు రామారావు గారికి డెబ్బై దగ్గరపడుతున్నాయి. హాలు కిటకిటలాడింది. తాతయ్య లెక్క రాస్తూ నవ్వారట. "ఆ వయసులో ఆయనకి అంత డ్యూటీ ఉంటే, ఈ వయసులో నాకీ పెన్సిలు డ్యూటీ ఉంటే తప్పేమిటోయ్!"

ఆయన మనవణ్ణి కాబట్టి నాకు చిన్నప్పుడు మ్యాట్నీకి టిక్కెట్టు లేదు. ఇవాళ సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసుకుని బతుకుతున్నానంటే మొదలు అక్కడే!

దాచినవారు, దాచనివారు

మన తారల సంగతికొద్దాం. వాళ్ళకి 58 లేదు, 62 లేదు. కాల్షీట్లు అడగడం మానేసిన రోజే రిటైర్మెంటు. ఆ రోజు చెప్పి రాదు.

శోభన్‌బాబు గారిని చూడండి. సాయంత్రం ఆరు దాటితే షూటింగు లేదు, ఆదివారం అసలే లేదు. సంపాదించింది భూమి మీద పెట్టారు. డబ్బు దాచడం శోభన్‌బాబుని చూసి నేర్చుకోవాలని పరిశ్రమలో ఒక మాట పుట్టింది. 1996లో, అరవై దగ్గరపడుతుండగా, ఇక చాలనుకున్నారు. 2008లో పోయేదాకా మళ్ళీ మేకప్ వేసుకోలేదు. జనం గుండెల్లో సోగ్గాడిగానే మిగిలిపోయారు.

రేలంగి గారు తాడేపల్లిగూడెంలో థియేటరు కట్టుకున్నారు. రేపటికి ఒక ఆధారం!

ఇంకోవైపు చిత్తూరు నాగయ్య గారు. పద్మశ్రీ అందుకున్న మహానటుడు. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చి, ఇచ్చి, చివరికి చేతిలో ఏమీ లేకుండా 1973లో వెళ్ళిపోయారు. కత్తి కాంతారావు గారు సొంత సినిమాలు తీసి పొలాలు పోగొట్టుకున్నారు. వీళ్ళకి తెలివి లేక కాదు. ఇవాళ వచ్చిన వేషం రేపూ వస్తుందనుకున్నారు. మనమందరం అనుకునేదే! 1993లో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వచ్చాక, ఇబ్బందుల్లో ఉన్న పెద్ద కళాకారులకి పెన్షను అంటూ ఒకటి మొదలైంది.

బెల్లు మోగని సోమవారం

మావయ్య స్కూలు మాస్టారు. 62 నిండి 2024లో రిటైరయ్యాడు. తాతయ్య అనుభవం చూసినవాడు కాబట్టి డబ్బు విషయంలో జాగ్రత్తపడ్డాడు. ఇంటప్పు సర్వీసులో ఉండగానే తీర్చాడు. కూతురి పెళ్ళి చేశాడు. పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒక్కసారిగా తీసుకోవచ్చు కదా, దాన్ని కమ్యుటేషన్ అంటారు. ఎంత తీసుకుంటే నెలనెలా ఎంత తగ్గుతుందో ఏడాది ముందే కాగితం మీద వేసుకున్నాడు.

గ్రాట్యుటీ చేతికి రాగానే హైదరాబాదు నుంచి బావ ఫోను. "నాన్నా, ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాలి. మొత్తం ఇచ్చెయ్యండి, మీరెలాగూ మా దగ్గరికొచ్చేస్తారుగా" అని. మావయ్య మెత్తబడ్డాడు. అత్తయ్య మెత్తబడలేదు. "నువ్వు మంచివాడివేరా నాన్నా. కానీ నాకు బడిపంతులు సినిమా గుర్తుంది!" అందట. పావువంతు ఇచ్చారు. బావ వారం రోజులు అలిగాడు. తర్వాత మామూలే.

డబ్బుకి సిద్ధపడ్డాడు సరే. పొద్దుటికి సిద్ధపడలేదు! మొదటి సోమవారం తొమ్మిదింటికి బెల్లు మోగలేదు. పేపరు మూడుసార్లు చదివాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా సర్దడం మొదలెట్టాడు. పులుసులో ఉప్పెక్కువన్నాడు. గ్యాసు మంట తగ్గించమన్నాడు.

"ఇన్నేళ్ళూ నా వంటింటికి హెడ్మాస్టరు లేడు బాబూ. ఇప్పుడొచ్చారు!" అని అత్తయ్య నాతో మొరపెట్టుకుంది.

తనికెళ్ళ భరణి గారి 'మిథునం' 2012లో వచ్చింది. శ్రీరమణ గారి కథ. తెర మీద బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు ఇద్దరే. ఆ ముసలి దంపతులకి ఖాళీ ఎక్కడుంది? మొక్కలు, ఆవు, పచ్చళ్ళు, తిండి, తగువు! పని ఉంది కాబట్టే ఆ ఇల్లు కళకళలాడింది. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్న మావయ్యే తన వంతు వచ్చేసరికి మొక్క ఒకటి నాటలేదు.

మరి ఇప్పుడు? నేను వెళ్ళేసరికి అరుగు మీద ఆరుగురు పెద్దమనుషులున్నారు. మధ్యలో మావయ్య, చేతిలో ఫోను. పెన్షన్ తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నట్టు ఏటా రుజువు ఇవ్వాలి కదా, ఆ పని చేసి పెడుతున్నాడు.

"కళ్ళద్దాలు తియ్యండి బాబాయి గారూ. ఇలా చూడండి. ఆ... కదలకండి."

"నేను బతికున్నట్టు ఒప్పుకుందాండీ?" అని అడిగాడు పెద్దాయన.

"ఒప్పుకుందండి, ఇంకో ఏడాదికి!"

అరుగంతా నవ్వులు. పాపం, ఆ పెద్దాయన వెళుతూ వెళుతూ జేబులోంచి రెండు జామకాయలు తీసి అరుగు మీద పెట్టాడు. మావయ్య మొహం చూడాలి! వందో రోజు ఆడిన సినిమా హీరో మొహం లాగుంది. పొద్దున్నే కొండెక్కి దిగుతున్నాడట కూడా. "మొదట్లో నూరు మెట్లకే ఆయాసం. ఇప్పుడు రెండుసార్లు ఆగితే చాలు" అన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. తాతయ్యకి డి.సి.ఆర్. పుస్తకం, మావయ్యకి ఈ ఫోను. రిటైరైనవాడికి తిండికి డబ్బుండాలి, ఒప్పుకుంటాను. కానీ రేపు పొద్దున్న "మీరొస్తే గానీ జరగదు" అనే పని ఒకటుండాలి. చిన్నదైనా సరే, ఒక వేషం! రాజబాబు ఆ పెద్ద నటీనటులకి ఇచ్చింది శాలువా ఒక్కటే కాదు. ఆ సాయంత్రానికి వాళ్ళకి మళ్ళీ వేషం ఇచ్చారు.

నా వంతు

రాత్రి భోజనాల దగ్గర మావయ్య అడిగాడు.

"మరి నీ రిటైర్మెంటు ఎప్పుడురా అల్లుడూ?"

"మా రాతగాళ్ళకి రిటైర్మెంటు ఉండదు మావయ్యా!" అన్నాను గొప్పగా.

"రిటైర్మెంటు లేనివాడికి పెన్షనూ లేదురా!" అన్నాడు, పెరుగు వడ్డించుకుంటూ.

అన్నం ముద్ద గొంతు దిగలేదు. నిజమే. నాకు ముప్ఫై దాటి చాలా ఏళ్ళయింది. ఏ సంస్థలోనూ ఉద్యోగిని కాను. పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. వ్యాసం వేస్తే డబ్బు, వేయకపోతే లేదు. నాగయ్య గారిని తలుచుకుని నిట్టూర్చే నేను శోభన్‌బాబు గారి దగ్గర నేర్చుకున్నదేమీ లేదు!

పోస్టాఫీసులో పదిహేనేళ్ళ పి.పి.ఎఫ్. ఉంది. 2009 నుంచి నా బోటి జీతం లేనివాళ్ళు కూడా ఎన్.పి.ఎస్.లో చేరవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియడం వేరు, వెళ్ళి కట్టడం వేరు. మర్నాడు మావయ్యే వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి తీసుకెళ్ళాడు. ఫారం ఆయనే నింపాడు, అక్షరాలు గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు. సంతకం మాత్రం నాది. మొదటి కిస్తీ ఎంతో అడక్కండి, మంచి మల్టీప్లెక్సులో ఇద్దరు సినిమా చూసేంత!

మిత్రులారా! మీలో చాలామందికి ఇరవై కూడా నిండి ఉండవు. రిటైర్మెంటు మీకు ఎక్కడో కొండ మీద మెట్టు. ఇప్పుడే భయపడమనడం లేదు. మీ ఇంట్లో పేపరు మూడుసార్లు చదివే పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ ఆదివారం ఆయన్ని మ్యాట్నీకి తీసుకెళ్ళండి. టిక్కెట్ల డబ్బు ఆయన చేతికిచ్చి, "తాతయ్యా, లెక్క మీరే చూడాలి" అనండి.

చిల్లర రెండుసార్లు లెక్కపెడతారు. పెట్టనివ్వండి!