మురుగును మేసే చోడిగింజలు

గుళికలు అనగానే రైతుకు గుర్తొచ్చేది వరిచేలో చల్లే పురుగుమందు. ఇక్కడ చెప్పేవి ఆ గుళికలు కావు. ఇవి సూక్ష్మజీవులు తమంతట తామే కట్టుకున్న ఉండలు. మురుగునీటిని గెడ్డలో కలిపే ముందు శుద్ధి చేసేది ఇవే. 2022 దాకా విశాఖ జిల్లాలో ఉన్న అనకాపల్లి, చోడవరం ప్రాంతాలు చెరకుకు పేరుపడ్డవి. మిల్లుల దిగువన గెడ్డ నీటితో సాగుచేసే సన్నకారు రైతు ఈ సంగతి తెలుసుకుంటే, "శుద్ధి చేసిన నీరే వదులుతున్నాం" అన్న మాట విన్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

తీపి నీటితో చేటు

చక్కెర కలిసిన నీరు గెడ్డలో పడితే, దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా వాడేస్తాయి. చేపలు చస్తాయి, నీరు కుళ్లి కంపు కొడుతుంది. అదే నీరు చేలో నిలిస్తే వేళ్లకు గాలి అందదు.

గోబర్ గ్యాసు సూత్రమే

గోబర్ గ్యాసు గుంతలో గాలి లేకుండానే పేడ అరుగుతుంది. ఒక జట్టు సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయి. రెండో జట్టు ఆ పులుపును తిని మీథేన్ గ్యాసు ఇస్తుంది. ఈ రెండో జట్టు చాలా నిదానంగా పెరుగుతుంది. అందుకే పేడ వారాల తరబడి గుంతలో ఉండాలి. మిల్లు నీరు రోజూ లక్షల లీటర్లు వస్తుంది. అన్నాళ్లు నిలవ పెట్టాలంటే చెరువంత గుంత కావాలి. తొందరగా పంపితే సూక్ష్మజీవులు నీటితోపాటే కొట్టుకుపోతాయి.

తూర్పారబట్టినట్టే

ఈ చిక్కును 1970లలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌కు చెందిన గాట్సె లెట్టింగా బృందం విప్పింది. వారు తొలినాళ్లలో పనిచేసింది కూడా చక్కెర మిల్లు నీటితోనే. కాకపోతే అక్కడ చెరకు బదులు బీట్‌దుంప. ట్యాంకు అడుగునుంచి నీటిని మెల్లగా, గంటకు సుమారు ఒక మీటరు వేగంతో పైకి పంపారు. విడివిడిగా ఉన్న సూక్ష్మజీవులు నీటితో పోయాయి. ఒకదానికొకటి అంటుకున్నవి అడుగున నిలిచాయి. తూర్పారబడితే తాలు పోయి గింజ మిగిలినట్టన్నమాట.

కొన్ని నెలలకు అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా, ఇంచుమించు చోడిగింజంత గుళికలు కడతాయి. పైపొరలో పులియబెట్టేవి, లోపల గ్యాసు చేసేవి ఉంటాయి. పైవాటి పులుపు లోపలివాటికి అక్కడికక్కడే మేత. అందువల్ల వారాల పని గంటల్లో అవుతుంది. పైన బోర్లించిన గరాటులాంటి మూత గ్యాసును పట్టుకుంటుంది, గుళికలు తిరిగి కిందకు దిగుతాయి.

హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రాన్ని ఈ పద్ధతిలోనే కట్టారు. అయితే ఊరి మురుగు పలచన కాబట్టి, మిల్లు నీటిలో కట్టినంత గట్టి గుళికలు దానిలో కట్టవు.

మేత మించితే పులుపు

పశువుకు ఒక్కసారిగా దాణా ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుంది. గుళికల సంగతీ అంతే. చిక్కటి నీరు ఒక్కసారిగా వదిలితే పులుపు పెరిగి గ్యాసు చేసే జట్టు దెబ్బతింటుంది. సున్నం కలిపి పులుపు తగ్గించాలి, మేత తగ్గించాలి. ఇంటి గోబర్ గ్యాసు గుంతలో కుళ్లిన పళ్లు, మిగిలిన అన్నం గంపలకొద్దీ వేస్తే గ్యాసు తగ్గేది ఇందుకే.

రైతు అడగాల్సినవి

గుళికల ట్యాంకు దాటిన నీరు పూర్తిగా మంచిది కాదు. ఉప్పు పోదు, రోగక్రిములు చాలావరకు మిగులుతాయి. కుళ్లిన గుడ్డు వాసనా ఉండొచ్చు. తర్వాత గాలి పట్టించే చెరువు తప్పనిసరి.

• గాలి పట్టించే రెండో దశ ఉందా, రోజూ నడుస్తోందా అని అడగండి.
• మురుగు ఎంతుందో చెప్పే లెక్కను బి.ఓ.డి. అంటారు. చక్కెర మిల్లు నీటిలో అది లీటరుకు గెడ్డలోకైతే 30, పొలానికి పారిస్తే 100 మిల్లీగ్రాములు మించకూడదు.
• ఊరి మురుగు కలిసిన నీటిని పచ్చిగా తినే ఆకుకూరలకు పెట్టొద్దు.
• ఏటా పంట వేసేముందు మట్టిలో ఉప్పు పరీక్ష చేయించండి.
• నీరు నల్లబడినా, చేపలు తేలినా తేదీ రాసుకుని, విశాఖలోని కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.