అమెరికా జాతీయ ఉద్యానాలలో ఆయుధధారణ: చట్టం, పరిమితులు

అమెరికా జాతీయ ఉద్యానాలలో పూర్వం తూటాలు తీసి, మూటకట్టి ఉంచిన తుపాకీని మాత్రమే సాధారణంగా అనుమతించేవారు. 2009 మే నెలలో క్రెడిట్ కార్డుల చట్టానికి జోడించిన ఒక నిబంధన ఈ స్థితిని మార్చింది. 2010 ఫిబ్రవరి 22 నుండి, ఉద్యానం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టమే ఆయుధధారణకు వర్తిస్తున్నది.

ఎల్లోస్టోన్ ఉద్యానం వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాలలో విస్తరించి ఉన్నది. అందువల్ల ఆత్మరక్షణకై తుపాకీ ధరించిన సందర్శకుడు ఒకే పర్యటనలో మూడు రాష్ట్రాల చట్టాలను తెలుసుకోవలసి ఉంటుంది. సందర్శక కేంద్రాల వంటి ఫెడరల్ భవనాలలోకి తుపాకీ నిషిద్ధం. పైగా, ధరించడానికి లభించిన అనుమతి పేల్చడానికి అనుమతి కాదు.

అమెరికాలోని తెలుగువారు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. రాష్ట్ర చట్టం ఎంత ఉదారమైనదైనా, అది వ్యక్తికి సంబంధించిన ఫెడరల్ నిషేధాన్ని తొలగించదు. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మిత్రుని తుపాకీని కొంతసేపు తన వద్ద ఉంచుకోవడం కూడా ఈ నేరం కిందికి రావచ్చు. నేరం రుజువైతే శిక్షతోపాటు దేశబహిష్కరణ ముప్పు కూడా ఉంటుంది. కనుక ఉద్యానంలో ఆయుధధారణ హక్కును నిర్ణయించేది స్థలం ఒక్కటే కాదు, వ్యక్తి న్యాయస్థితి కూడా.